మంచీ చెడ్డా చెప్పమన్నావు

పూనా నుంచి వచ్చినావంటివి, కూచో సామీ.
ఆ బల్ల మింద గాదు, దాని కాలొకటి ఊగుతాది.
ఫ్యాను కిందికి రా.
కడపలో మే నెల, మాట్లాడితే నాలుక ఎండుతాది.

ఏడు రోడ్ల కాడ దస్తగిరి అంగడి యాడంటే
ఎవురైనా చూపిస్తారు.
మా నాయన కాలంలో తుపాకులది,
ఇప్పుడు కుట్టుమిషన్లది.
బోర్డు మారింది, నూనె మారలే.

మంచీ చెడ్డా చెప్పమన్నావు.
మొదట మంచి.

చేతిలో పెట్టి చూడు ఈ వెబ్లీని.
బరువు పిడికిట్లోనే దిగుతాది, మణికట్టుకు పాకదు.
ఈ బొటనవేలి కాడి కొక్కెం నొక్కితే
నడుం కాడ ఒంగుతాది,
ఆరు గుండ్లూ ఒక్కసారే పైకి లేస్తాయి
బడిగంట విన్న పిల్లోళ్ల మాదిరి.
వందేండ్లు దాటినా గొట్టం లోపలి గీతలు
కొత్తగా కోసిన నాపరాయి అంచు లెక్క నిలబడి ఉండాయి.
పిడి కింద కడియం చూసినావా,
గుర్రమెక్కిన దొర తాడు కట్టుకునేదానికి.
మా పక్క దానికి ఎనుము పలుపు కట్టినోడు గూడ ఉన్నాడు.

ఇంగ చెడ్డ.
బరువే.
నడుముకు కట్టుకుంటే పంచె నిలవదు.
శివలింగారెడ్డి ముప్పై ఏండ్లు కుడిపక్కకు ఒరిగి నడిచినాడు,
పాడె మింద గూడ ఆ పక్కకే ఒరిగినాడని
మోసినోళ్లు చెప్పిరి.
గుండ్లు దొరకవు,
మదరాసు దాకా తిరిగి తెచ్చిన డజను
పేలితే పేలె, లేకుంటే లే.
మీట గట్టిది. చేదబావిలో నిండు బొక్కెన లాగినట్లు లాగాల.
లాగేలోపల కోపం సగం చల్లారతాది,
అది యాపక్క రాసుకుంటావో నీ ఇష్టం.
ఎలక్షను వస్తే స్టేషన్లో పెట్టి రసీదు తీసుకోవాల,
రసీదులన్నీ ఉండాయి, పదకొండు.

ఇంగొకటుంది.
అద్దం పెట్టుకొని చూస్తాండావు, నీకు దొరికేసింది గదా.
దీన్ని మేం గుర్రమంటాం.
దాని ముక్కు చూడు.
అరిగింది గాదది. ఆకురాయి.

మా నాయనే.
నాకప్పుడు పన్నెండేండ్లు, దీపం పట్టుకున్నింది నేను.
ఓబుళమ్మ మిట్టమధ్యాన్నం ఎండన పడి వచ్చింది
కొర్రల సంచిలో దీన్ని పూడ్చుకొని.
ఆయన పగటినిద్ర లేచేలోగా
మళ్ల దిండు కింద ఉండాల.
“చూపుకు మారగూడదు ఖాసిం సాబూ,
చప్పుడు గూడ మారగూడదు” అనింది.
వెంట్రుక వాసి. ఇంగో వెంట్రుక వాసి.
నాయన ఊదితే పొడి ఎగిరి
దీపంలో మిణుకుమనింది.
కూలి తీసుకోలే,
కొర్రలు మాత్రం గిన్నెలోకి వంచుకున్నాడు.

ఆ యేడే జొన్న కళ్లంలో, గట్టు తగాదాలో,
తమ్ముని మిందికి ఎత్తినాడంట దీన్ని.
టిక్కు.
మళ్ల టిక్కు.
ఆరుసార్లు.
తర్వాత యేమైందో ఎవురూ ఒకే మాదిరి చెప్పరు.
తమ్ముడు చెప్పు తీసి కొట్టినాడని కొందరు,
ఇద్దరూ ఆడ్నే కూచొని బీడీ ముట్టించిరని కొందరు.
పాత గుండ్లు అంటగట్టినాడని
మదరాసు అంగడోన్ని సచ్చేదాకా తిట్టినాడు రెడ్డి.
దీన్ని మాత్రం ఒక్క మాట అనలే.

ఇప్పుడు నువ్వు పుస్తకం తీసి
‘అసలు భాగం చెడింది’ అని రాసి
పదిశాతం తగ్గిస్తానంటాండావు.
తగ్గించుకో.
అమ్మేది ఓబుళమ్మ మనమరాలు, చీనీ చెట్లకు బోరు యేయించాలంట,
ఆ పాపకు గూడ ఈ కత తెలుసు.

కొత్త ముక్కుందా అంటావా.
ఉంది.
ఆ బిస్కత్తు డబ్బాలో, బాబిన్ల అడుగున.
అదే రాత్రి నాయన ఇంగొకటి చేసి పెట్టినాడు,
ఎందుకో నాకు చెప్పలే.
సూదులకు వెతికేటప్పుడు ఎప్పుడన్నా వేలికి తగులుతాది.

నాకు చూపు ఆనదు సామీ.
కంటి డాక్టరు రమ్మన్నాడు, పోలే.
ఇట్లే తీసుకొనిపో.
గాజుబీరువాలో పెట్టుకునేదానికి ముక్కెందుకు?

కొంచెం జరుగు,
షమీం వచ్చింది, కాలుమిషను పట్టేసిందంట,
సాయంత్రానికి ఆరు రవికెలు ఇయ్యాల.
ఆ నూనెడబ్బా ఇట్ల అందియ్యి.