తడిస్తే చెదరని నలుపు

విట్బీ రేవులో వాన పడదు,
గాలే తడిగా ఉంటుంది.
మొన్న గీసిన చేపల పడవ
నీలిరంగు కుంచె తగలగానే
అంచులు వదిలేసి
ఊదారంగు బురదలో కూలబడింది.
రేవు దాటకుండానే మునక!

మెట్లవీధి మలుపులో ఓల్డ్‌రాయిడ్ గారి కొట్టు.
నాలుగు సీసాలు బల్ల మీద పెట్టి
"అన్నీ నలుపే" అన్నాడు.
మసిపూసిన మారేడుకాయలు ఎన్ని చూడలేదు!
ఒక్కోదానితో ఒక్కో గీత గీసి,
అరవై లెక్కపెట్టి,
తడివేలు రాశాను.
మొదటిది పచ్చగా అసలు రంగు బయటపెట్టింది.
రెండోది నీళ్ళు నమిలింది.
మూడోది నిలబడింది కానీ, అది నలుపు కాదు,
తుడిచిన పలక మీద మిగిలిన నిన్నటి లెక్క.
నాలుగోది మాత్రం
ఉలకలేదు, పలకలేదు.

"అదే ఇవ్వండి."
చిల్లర లెక్కపెడుతూ అన్నాడాయన:
"కాగితం మీద కదలనిది
కలం గొంతులోనూ కదలదు.
రోజూ పని చెప్పాలి దానికి."

స్కార్‌బరో ఆసుపత్రిలో
వరసగా పన్నెండు రాత్రిళ్ళు డ్యూటీ.
ఈ ఉదయం మూత తీస్తే
పాళీ కింద చిన్న బొగ్గుగడ్డ.
గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో కలాన్ని నిలబెట్టాను.
కిటికీ అవతల అసలు పడవలు
ఏ సిరానీ అడక్కుండా
పొగమంచులో కరిగిపోతున్నాయి.
మూడో గ్లాసు మార్చాక
ఒక నల్లదారం
ఆగి ఆగి కిందికి దిగింది.

బొటనవేలి మీద మరక
సబ్బుకి లొంగలేదు.
రాత్రి వార్డులో సిస్టర్ అడుగుతుంది
ఏమిటా నలుపని.
పడవ అని చెబుతాను.