సగం కన్నా తక్కువ

మిట్టూరులో జిరాక్సు అంగడి మిద్దె మీద
సెల్వం అన్న స్టూడియో.
ఫ్యాను తిరిగితే తెర మీద నీడ తిరుగుతుంది,
అందుకే ఆపేసి చెమటలో కూర్చుంటాను.

కొంగారెడ్డిపల్లి పెళ్ళి. రాత్రి మెరవణి.
ఆరువందల పన్నెండు ఫోటోలు.
"లైట్లు మండిపోయినాయి, రొంత తగ్గించు పాపా"
అని చెప్పి అన్న టీకి పోయాడు.

కంట్రోలు నొక్కిపట్టి ఒక్క క్లిక్కు.
వెలుతురున్న చోటల్లా చీమలు బారు కట్టాయి.
వాటికి పెళ్ళికొడుకెవరో తెలీదు,
మేనమామ ఎవరో తెలీదు,
తెల్లగా ఉందా లేదా, అంతే లెక్క.
పెళ్ళికూతురి ముక్కుపుడక, బ్యాండు వాళ్ళ ఇత్తడి గొట్టం,
పెదనాన్న బట్టతల,
ఎవరో తాగి పారేసిన ప్లాస్టిక్ గ్లాసు.
అన్నిటి చుట్టూ ఒకే మర్యాదగా తిరుగుతున్నాయి.
చక్కెర ఎక్కడుందో చీమకు చెప్పాలా, అనేది మా అవ్వ.
ఇవి చక్కెరా సున్నమూ ఒకటే అనుకునే చీమలు.

తిరగేశాను.
ఇప్పుడు చీకటి నా చేతిలోకి వచ్చింది:
చింతచెట్టు, జనరేటరు బండి, పూలు దిగిన చోట జడ,
గుర్రం కళ్ళు.
ఆ వెలుతురులోనూ ఈ చీకటిలోనూ
కొంచెం కొంచెంగా ఉన్నదేదో
అది మాత్రం ఇమ్మన్నాను.

చిన్న డబ్బా ఒకటి పైకి లేచింది.
సగానికి మించి ఎంపికైనది ఏదీ లేదు,
అంచులు కనబడవు, అంది.
మొదటిసారి దీన్ని చూసి బెదిరిపోయాను, ఏదో చెడగొట్టానని.
"ఏం కాలేదు పాపా," అన్నాడు అన్న అప్పట్లో,
"గీత గీయలేనంటాండాది, అంతే.
దొరికింది దొరికిందే."

చీమలు లేని తెర.
దేన్ని పట్టుకున్నానో కనబడకుండానే
వంపుగీతను గోరంత పైకి లాగాను.

రోడ్డు తడిగా ఉందని అప్పుడు తెలిసింది.
ఆ తడి మీద పడి తిరిగి లేచిన వెలుతురులో
ఒక చెవి. ఒక మెడ నరం.
పాత చీర చింపి చుట్టిన కుదురు,
కుదురు మీద నాలుగు ట్యూబులైట్ల చట్రం,
చట్రం కింద జానెడు దూరంలో
మసిలాంటి మొహం.
కరెంటు వైరు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయి
ఇంకొకామె నెత్తికెక్కింది,
అక్కడి నుంచి ఇంకొకామెకు.
నాలుగువందల ఎనభై ఒకటో ఫోటోలో కూడా ఉంది.
ఆవలిస్తోంది, తల కదలకుండా.

ధనంజయ నాయుడు గారు కళ్ళద్దాలు పైకి తోసి చూశారు.
"మజ్జెలో ఈ ఆడమనిషెవరు? ముందు లేదే."
"ముందూ ఉండింది సార్."
"తీసెయ్ మ్మా."

తీసేయలేదు. పొర పక్కన కన్ను గుర్తును మూశాను.
చీకటి తన చోటికి తాను వచ్చి కూర్చుంది.
ఆల్బం పోయింది, బాకీ డబ్బులొచ్చాయి,
ఫైలు మాత్రం నా దగ్గరే.

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు.
మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చింది,
కూలీల కార్డుకు పాస్‌పోర్టు ఫోటో కావాలని.
పేరు మునిలచ్చిమి.
మెడ నరం చూసి గుర్తుపట్టాను,
మొహం చూసి కాదు.
చెబుదామా అనుకున్నాను.
ఏమని చెప్పాలి?

స్టూలు మీద కూర్చోబెట్టి లైటు వేశాను.
కళ్ళు గట్టిగా మూసుకుంది.
"తెరువక్కా."
"ఉండు మ్మా. లైటుకి ఈ తట్టు
నాకు అలవాటు లేదు."
రెండుసార్లు చెడింది. మూడోసారీ చెడింది.
నాలుగోసారికి కళ్ళు నిలబెట్టి నన్నే చూసింది.

సరిపోయిందక్కా, అనేలోపే లేచింది.
స్టాండు ఒక పక్కకు ఒరిగిందంట.
నట్టు బిగించి, లైటును రెండు చేతుల్తో ఎత్తి
సరిగ్గా నిలబెట్టి,
తాను లేచొచ్చిన ఖాళీ స్టూలు మీద
వెలుతురు బాగా పడుతోందో లేదో
వంగి చూసింది.