మిరపకాయ మీద నింద

మూడు నెలలు మిరపకాయనే తిట్టాను.

చుట్టుగుంట అవతల కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
పొద్దున ఎనిమిదికి గోనె పరుచుకుని కూర్చుంటే
దీపాలు పెట్టేదాకా తొడిమలు తీసే పని.
తేజ కాయ గోట్లోకి దూరిందంటే
రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి రాదు.
ఆ చెయ్యి ఎక్కడ తగిలితే అక్కడ నిప్పు.
అందుకే, అక్కడ మొదలైనప్పుడు
కాయే అనుకున్నాను. ఇంకేమనుకుంటాను?

దురదకి మా భాషలో మాట ఉంది.
ఆ చోటికే లేదు.
"కింద" అంటాం, "లోపల" అంటాం,
తలుపేసుకుని కొంగు నోట్లో కుక్కుకుంటాం.

"వేడి చేసిందే" అంది పక్క గోనె మీద జమాల్బీ.
సబ్జా తాగాను. బార్లీ తాగాను.
చలవ చేస్తుందని పంచదార
రెండు చెంచాలు ఎక్కువే వేసుకున్నాను.
డెట్టాలు నీళ్లతో కడిగాను,
సబ్బుతో రుద్దాను, అంట్ల గిన్నెని తోమినట్టు.
ఎంత తోమితే అంత రేగింది.
మందుల షాపు కుర్రాడితో "మోచేతి మీద దురద" అని బొంకి
తెచ్చుకున్న ట్యూబు
నాలుగు రాత్రులు జోకొట్టి
ఐదో రాత్రి రెట్టింపు చేసి లేపింది.

విరిగిన పాల తరకల్లా తెల్లబట్ట.
యోహాను దగ్గరికొస్తే గోడవైపు తిరిగాను.
అతనేమనుకుంటాడోనని నేను,
నాకేమైందోనని అతను,
మధ్యలో ఫ్యాను ఒక్కటే మాట్లాడేది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు మా మేనకోడలంత పిల్ల.
ఆ చోటిని పేరు పెట్టి అడిగింది,
మోకాలిని మోకాలు అన్నంత మామూలుగా.
చూసింది. "మిరపకాయ కాదమ్మా, ఈస్టు" అంది.
"రొట్టెని పొంగించేదానికి చుట్టం.
మన ఒంట్లోనే ఓ మూల ఒదిగి ఉంటుంది.
చెమట, తడి, గాలాడని బట్ట దొరికితే పుట్ట పెడుతుంది.
దాన్ని అదుపులో పెట్టే మంచి క్రిములు లోపలే ఉంటాయి.
డెట్టాలు పోసి మీరు తరిమింది
ఆ కాపలావాళ్లని."

"మరి ఎవరి వల్ల..." అన్నాను, గొంతు తెగిపోతూ.
"ఎవరి తప్పూ కాదు" అంది
చేతులు కడుక్కుంటూనే.
మూడు నెలల బరువు ఆ కుళాయి కిందే పోయింది.

తర్వాత వేలు పొడిచింది.
మిరప కోరుకి మొద్దుబారిన వేలు, సూదిని గుర్తుపట్టలేదు.
చిన్న మిషను మీద రెండు వందల డెబ్బై.

కారం పీల్చి, కారం మోసి
నలభై రెండేళ్లు బతికినదాన్ని.
నన్ను కాల్చింది తీపి!
నవ్వొచ్చింది. కళ్లనీళ్లూ వచ్చాయి.
ఈసారి వాటికి కాయతో సంబంధం లేదు.

రాత్రిళ్లు లోపల పెట్టుకునే బిళ్లలిచ్చింది,
షుగరుకి వేరే రాసింది.
"మళ్లీ వస్తే నా దగ్గరికి రండి, షాపుకి కాదు" అంది.
లేవబోతుంటే అడిగింది:
"లోబట్టలు ఎక్కడ ఆరేస్తారు?"

పరీక్షకి పడని సిగ్గు ఆ మాటకి పడ్డాను.
స్నానాల గది మేకుకి. లేదంటే తువ్వాలు కింద.
గుంటూరులో ఎండకి కరువా?
లారీల కొద్దీ కాయని ఎండబెట్టే ఊరు.
ఈ రెండు జానల గుడ్డే
పాతికేళ్లుగా సూర్యుణ్ణి చూడలేదు.

షెడ్డులో పన్నెండుమందికి చెప్పాను.
నూలువి కట్టుకోండి, తడిసినవి మార్చుకోండి,
కడగడానికి ఉత్త నీళ్లు చాలు.
తొడిమలు తీశాక, దొడ్డికి వెళ్లేముందూ చేతులు కడగండి.
జమాల్బీ కాసేపు గోరు గిల్లుకుని
"నాకూ ఉందే, ఏడాదిగా" అంది.
బాత్రూముకి గొళ్లెం పెట్టించమని మేస్త్రీని అడిగాం.
ఇంకా పెట్టలేదు. మళ్లీ అడుగుతాం.

నిన్న డాబా మీద మా కెజియా
తనవి తెచ్చి, చెప్పకుండానే, తువ్వాలు కింద దాచింది.
ఈ దాపరికం దానికి ఎవరు నేర్పారు?
నేనే.
తువ్వాలు లాగి పక్క తీగ మీదేశాను.
ఎదురు మేడ మీంచి ఎవరో చూస్తున్నారు.
చూడనీ.
ఎండ ఎవడబ్బ సొమ్మూ కాదు.