కింది అంచు

నీళ్లు లేని హువాబ్ ఏటిలో, పోయిన నెల,
బండరాయి కింది అంచుని నొక్కేస్తే
తలుపు రాలేదు.
నర్సు హిల్మా టీకాల పెట్టెని ముందు పంపి
తను కిటికీలోంచి దిగింది, తిట్టుకుంటూ.

అందుకే ఇవాళ
మూతబడ్డ తగరపు గని నుంచి
ఫెస్టస్ మామ మోసుకొచ్చిన నీటి గొట్టం.
లోపల తుప్పు వాసన, ఎండిన తేలు ఒకటి.

జనరేటర్ దగ్గుతోంది.
నేను గొట్టం పట్టుకున్నాను, తను నిప్పు పట్టాడు.
"రేకుకి కాదే పిల్లా, చాసిస్‌కి.
బరువు మోసేది తోలు కాదు, ఎముక."
నా మొదటి అతుకు పిట్టరెట్టలా వచ్చింది.
గ్రైండర్ పెట్టి కోసేశాడు, ఏమీ అనలేదు.
అదే తిట్టు.

నాలుగో రోజుకి రెండు వైపులా నల్లరంగు.
అడుగున మాత్రం పుయ్యనివ్వలేదు.
"ఆ పని రాళ్లది."

అదే ఏరు. అదే రాయి.
బండి ఒక పక్కకి ఒరిగి, మూలిగి,
పళ్లు కొరికినంత చప్పుడుతో
రాతి మీద నుంచి జారి దిగింది.

మామ ఇసకలో బోర్లా పడుకుని చూశాడు:
ఇనుము మీద అరచెయ్యంత తెల్లటి మెరుపు.
నా అతుకు అక్కడే ఉంది.

హిల్మా ఇవేవీ చూడలేదు.
తలుపు తీసుకుని దిగి
పెట్టె భుజానికెత్తుకుని
గుడిసెల వైపు నడిచిపోయింది.