పంట పేరు

ఆమదాలవలసలో మధ్యాహ్నం ప్యాసింజరు వెళ్ళిపోయాక
కొట్టులో ఫ్యాను చప్పుడూ, గంధకం వాసనా, నేనూ.
అప్పుడొచ్చాడు, నీలిగళ్ళ చొక్కా కుర్రాడు.
అగ్గిపెట్టె తెరిచి
కౌంటరు మీద ఒక ఆకు ముక్క పెట్టాడు.
సన్నగా, పొడుగ్గా, పక్కలంతా రంపం పళ్ళు.
తొడిమ దగ్గర కత్తెర గాటు.
ఏడు వేళ్ళ అరచెయ్యికి
ఆరు వేళ్ళు దాచేసి ఒక్కటి చూపించినట్టుంది.

"ఏ పంట బాబూ?"
"బెండండి."

బెండని నేను పుట్టినప్పట్నించీ చూస్తున్నాను.

బిల్లు పుస్తకంలో తేదీ వేసి
భూతద్దం కింద ఆకుని వెనక్కి తిప్పాను.
సూదిమొనతో గుచ్చినట్టు తెల్లచుక్కలు,
చుక్కల మధ్య సాలెపోగు,
పోగు మీద నడుస్తున్న కుంకుమ రవ్వలు.
ఎర్రనల్లి.
కొసన ముగ్గు చల్లినట్టు బూడిద తెగులు కూడా.
ఒకే మంచం మీద ఇద్దరు రోగులు.

"ఎండ తగుల్తాదా?"
"లైట్లున్నాయండి."
"వాన?"
నవ్వాడు. నవ్వి, తప్పు చేసినట్టు ఆగిపోయాడు.
"గదిలోనండి. కిటికీకి దుప్పటి కట్టీసినాను.
ఈగ కూడా దూరదు.
మరిదెలగొచ్చిందండి?"

ఎలా వచ్చిందో అతని చొక్కాయే చెబుతోంది.
మోచేతి దగ్గర పచ్చి మరక, బెండ నూగు.
తెల్లారగట్ల తండ్రి మడిలో కాయ కోసి
అదే చొక్కాతో ఆ తలుపు తీసుంటాడు.
తాళం మనుషులకే.
నల్లికి తాళం ఏటి తెలుసు?

"బయటైతే వానొచ్చి ఆకు కడుగుతాది,
అక్షింతల పురుగొచ్చి నల్లిని తింటాది.
నువ్వు శత్రువు కోసం తలుపేసి
శత్రువు శత్రువుని వీధిలో నిలబెట్టినావు.
లోపల దానికి పెళ్ళిభోజనం."

"మందివ్వండి. ఎంతైనా పర్లేదు."

అరలో ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది.
కానీ పుస్తకంలో ఒక గడి ఉంది, పంట పేరని.
వంగకైతే మందు కొట్టాక ఇన్నాళ్ళు కోత ఆపమంటాను,
కడిగి వండుకోమంటాను.
కాల్చి పీల్చేదానికి ఏం చెప్పను?
ఏ ఊళ్ళో ఏ పిల్లాడి ఊపిరితిత్తిని
కడిగి ఆరబెట్టుకోమని చెప్పను?

"దీనికి నా దగ్గర మందు లేదు.
పీకీసి గోతిలో పాతీ.
ఆ చొక్కా ఉతుక్కో."

అగ్గిపెట్టె మూశాడు.
మెట్ల దగ్గర చెప్పులేసుకుంటూ
"గది అద్దె ఆరువేలండి" అన్నాడు,
ఎవరితోనో అన్నట్టు.

పన్నెండు రోజులకి ఒక పెద్దాయన వచ్చాడు.
బమ్మిడి తవిటయ్యట.
కండువాలో చుట్టిన బెండాకులు పరిచాడు,
తొడిమలతో సహా, అరచేతులంత.
"ఇదేటమ్మా ఎర్రగా పాకతంది?
అమ్మగోరికి సూపించమని మావోడే పంపినాడు.
ఆడికి పట్నంల ఏటో యాపారం పోయిందట.
ఈమద్దిన నాతోనే మడికొస్తన్నాడు."

ఆయన ఒంటి మీద నీలిగళ్ళ చొక్కా,
భుజాల దగ్గర వదులుగా.
మోచేతి దగ్గర
ఉతికినా పోని మరక.

పుస్తకం తెరిచాను.
తేదీ ఒక్కటే ఉన్న పాత కాగితం తిరగేసి
కొత్తదాని మీద, ఆ గడిలో, 'బెండ' అని రాశాను.
అక్షరాలు కాస్త పెద్దవే పడ్డాయి.
గంధకం పొడి తూచి ఇచ్చాను.
ఆకు అడుగున తడవాలన్నాను, పొద్దు వాలాక.

"కొట్టినాక వాన పడితేనో?"

"పడనీ తవిటయ్యా" అన్నాను.
"పడితే మంచిదే."