తలల మీద నడక

బెర్గెన్‌లో వాన ఆగదు. మార్చిలో మరీనూ.
ఓడ్‌వార్ తడిసి వచ్చాడు.
రెండు చేతుల్లో రెండు కర్రలుంటే గొడుగెవరు పడతారు?

ముప్ఫై ఏళ్లు ఫెర్రీ మీద తాళ్లు విసిరిన మనిషి.
ముందు అతని బూట్లు చూశాను:
మడమలు కొత్తవే, మొనలు అరిగి తెల్లబడ్డాయి.
"మా అమ్మ బోర్‌గిల్డ్‌వీ ఇంతే" అన్నాడు.
"ఆమె వస్తోందని దీవిలో ఎవరూ చూసేవారు కాదు, వినేవారు."

లైటు ఆర్పేశాను.
తెర మీద ఒక పచ్చటి గీత, దాని మీద ఎర్రటి చుక్క.
"కైనెసిన్" అన్నాను. "మీ నరాల్లో కూలీ."
రెండు తలలు దానికి. వాటినే పాదాలు చేసుకుంది.
తలల మీద నడుస్తుంది, తోకతో మోస్తుంది.
"అలాంటివాళ్లను పడవల్లో చాలామందిని చూశాను" నవ్వాడు.

మెడ దగ్గర చిన్న పట్టీ ఉంది, కిటుకంతా అక్కడే.
ముందు పాదానికి మెతుకంత శక్తి అందగానే
పట్టీ బిర్రుగా బిగిసి
వెనక పాదాన్ని ముందుకు విసురుతుంది.
అడుగుకో మెతుకు. అప్పు చెయ్యదు.
ఒకటి ఆనితే గాని రెండోది లేవదు.
ఓ వంద అడుగులేసి జారిపోతుంది,
మూట పక్కవాడు అందుకుంటాడు.

ఎదురు దారిలో వచ్చే డైనీన్ తీరు వేరు:
భారీ ఒళ్లు, పొడుగాటి కాళ్లు,
పక్కకో అడుగు, వెనక్కో అడుగు,
శనివారం రాత్రి రేవులోంచి ఇంటికెళ్లేవాడిలా.
అయినా చేరుతుంది.

నడుము నుంచి బొటనవేలికి మీటరు నరం,
పన్నెండున్నర కోట్ల అడుగులు, రెండు వారాల ప్రయాణం.
అందుకే సరుకు ముందు తప్పేది కాళ్లకే.
చేతులు దగ్గర చుట్టాలు.

"నాది పెట్టు."

మీ లోపంతోనే తయారుచేశామని చెప్పి స్లయిడు మార్చాను.
వెయ్యి పైచిలుకు పూసల దండలో
రెండువందల యాభై ఆరోది మారింది,
ఆస్పరాజిన్ ఉండాల్సిన చోట సెరీన్.
అంతే. అమ్మ చేతిరాతలో ఒక్క అక్షరం.

చుక్క కదిలింది.
ఆగింది.
మా ఇద్దరి ఊపిరీ దానితోపాటే ఆగింది.
మళ్లీ కదిలింది.

"కుంటుతున్నానని దానికి తెలుసా?"

నా దగ్గర వేగాలున్నాయి, గ్రాఫులున్నాయి,
ఈ ప్రశ్నకి మాత్రం గడి లేదు.
"తెలీదు" అన్నాను.
దానికో, నాకో చెప్పలేదు.

మంచిదాన్ని మళ్లీ చూపిస్తానంటే వద్దన్నాడు.
కుర్చీ ముందుకు లాక్కుని తన చుక్కనే చూశాడు,
తాడు అందని పడవని చూసినట్టు.
గీత చివరిదాకా పోకుండానే అది రాలిపోయింది.
కాసేపటికి ఇంకోటి వచ్చి వాలింది.

"గున్‌వోర్ ఇంకా పరీక్ష చేయించుకోలేదు"
తెరతోనే చెప్పాడు.
"ఈ ఊరి ఏడు కొండలూ ఒక్క రోజులో ఎక్కి దిగుతుంది నా కూతురు.
నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు."

లిఫ్టు ఉందన్నాను. మెట్ల వైపే నడిచాడు.
కర్ర, కాలు, కర్ర.
బూటు మొన ప్రతి మెట్టునీ గీసుకుంటూ దిగుతోంది.
ఒకటి ఆనాకే రెండోది.

ఆ గీకుడు వినబడినంతసేపూ
నేను లైటు వెయ్యలేదు.