ముప్పై ఎనిమిదో వరుస

ఖైరతాబాద్‌లో మూడో అంతస్తు.
కిటికీకి అడ్డంగా పాత కూలర్.
నా బల్ల మీద, దేశం తినే తిండంతా
నలభై రెండు వరుసల్లో పడుకుని ఉంది.

బియ్యం పైనే కూర్చుంది, పెళ్లిపెద్దలాగా.
దాని భుజం రాసుకుంటూ గోధుమ.
పప్పులు, నూనెలు, చక్కెర, ఉల్లిగడ్డ,
దిగుతూ దిగుతూ పోతే
ముప్పై ఎనిమిదో వరుసలో
ఖర్జూరం.

పండింది ఎంత, ఓడ దిగింది ఎంత,
చెడింది ఎంత, గోదాముల్లో మిగిలింది ఎంత,
కూడి, తీసి, జనాభాతో భాగించి,
మూడువందల అరవై అయిదుతో మళ్లీ భాగిస్తే
తలకు రోజుకు
చుక్క, చుక్క పక్కన సున్నా, ఇంకో సున్నా,
ఆ వెనకాల ఏదో కదిలింది
చీమ కాలంత.

"చుక్క తర్వాత ఒక్క అంకె చాలమ్మా" అన్నాడు
సూపరింటెండెంట్ విఠలేశ్వర్ సారు.
"అంతకన్నా తక్కువైతే గీత పెట్టు.
కింద రాసే ఉంది కదా,
గీత అంటే లేదని,
లేకుంటే లెక్కకు రానంత అని."

పెట్టాను.

మా ఇంట్లో ఆ మాటకు వేరే అర్థం.
మా తాత ఈతచెట్లు గీసేటోడు,
శంషాబాద్ అవతల, విమానాలు లేని రోజుల్లో.
నడుముకు మోకు, వీపున కత్తి,
పొద్దుగూకే ముందు చెట్టు మెడ మీద ఒక్క గీత.
లోతైతే చెట్టు చస్తది,
పైపైనైతే లొట్టి ఎండుతది, అనేటోడు.
రాత్రంతా ఆ గీతలోంచి చుక్క, చుక్క.
ఆ చుక్కల మీదే మా నాయన పదో తరగతి,
నా డిగ్రీ, ఈ తిరిగే కుర్చీ.

ఈత అంటే ఎవరనుకున్నారు,
ఖర్జూరానికి పేద చెల్లెలు.
గింజకు చొక్కా తొడిగినంత కండ.
ఎండాకాలం మెహదీపట్నం బస్టాపులో
తట్ట ముందు పెట్టుకున్న ఆమె
స్టీలు గ్లాసుతో కొలిచి పొట్లం కడుతుంది.
ఆ గ్లాసుకు నా పట్టికలో వరుసే లేదు.
గీతకైనా నోచుకోలేదు.

అంకె మీద అనుమానంతో
ఆదివారం బేగంబజారుకు పోయాను.
"సాబేర్ భాయ్, నీ దుకాణం
దేశానికి ఎంత తిండి పెడుతుంది?"
నవ్వాడు.
"ఈ నెల అడిగితే సముద్రం మేడమ్,
మిగతా పదకొండు నెలలు ఈగలు."
హమాలీ మొగులయ్య పెట్టెలు దించుతున్నాడు.
చిరిగిన దాంట్లోంచి జారిన పండు ఒకటి బుగ్గన పెట్టి
చివరి లారీ దాకా దాన్ని నమలలేదు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని.
ముప్పై సాయంత్రాల తీపిని తెచ్చి
ఏడాది పొడుగునా పూశాను.
అంత పలచగా పూస్తే
ఎవరి నాలుకకు అంటుతుంది?

సోమవారం ఆఫీసు ఖాళీ అయ్యాక
రికార్డు గదిలో ముజీబుద్దీన్ టిఫిన్ మూత తీశాడు.
అందులో మూడు ఖర్జూరాలు.
గల్లీలో నుంచి అజాన్ వినబడింది.
తను తినకముందే ఒకటి నా వైపు తోశాడు.
"తెల్లవారుజాము నుంచి నీళ్లు కూడా లేవు, ఇది సరిపోతుందా?"
"కడుపు నింపడానికి కాదు మేడమ్,
కడుపుకు కబురు పెట్టడానికి."

నా పండును తపాలా తూకంలో పెట్టాను, అలవాటు.
తొమ్మిది గ్రాములు. గింజ పోతే ఎనిమిది.
ఇది నాకు ఎన్ని నెలల వాటానో
కాగితం మీద మొదలుపెట్టి
సగంలో ఆపి
నోట్లో వేసుకున్నాను.

గీత తప్పేం కాదు. సారు చెప్పిందీ తప్పు కాదు.
ప్రూఫు కాగితం చివరిసారి సరిచూస్తూ
వరుస వరుసకూ వేలు దించాను.
ఒక్కచోట కాగితం
వేలికి అతుక్కుని
మెల్లగా విడిపోయింది.

పొద్దున వచ్చేసరికి
కళ్లజోడు నుదుటికెత్తి సారు వంగి చూస్తున్నాడు.
బియ్యం దగ్గర ఏమీ లేదు. గోధుమ దగ్గరా లేదు.
ముప్పై ఎనిమిదో వరుసలో
చీమలు.